మోజార్ట్ క్లారినెట్ కాన్చెర్టోలో ఆ స్లో మూవ్‌మెంట్ ఎలా వినాలి
హాయ్ అండి అందరికీ, కాన్చెర్టో అంటే ఒక వాయిద్యం ముందుండి, ఆర్కెస్ట్రా తోడుగా వాయించే రచన. ఇవాళ అది మొత్తం కాదు, మధ్యలో వచ్చే అడాజియో, అంటే నెమ్మదిగా సాగే భాగం, ఒక్కటే మాట్లాడుకుందాం, దాదాపు 7 నిమిషాలే ఉంటుంది కానీ చెప్పాల్సింది చాలా ఉంది.

మోజార్ట్ దీన్ని 1791 అక్టోబర్‌లో పూర్తి చేశాడు, డిసెంబర్ 5న చనిపోయాడు. అందుకే చాలామంది ఇందులో చావు నీడ వెతుకుతారు, నాకైతే అస్సలు అలా అనిపించదండి. ఇది డి మేజర్, వెలుగుగా వినిపించే స్కేల్, క్లారినెట్ వాయించే తన ఫ్రెండ్ ఆంటోన్ స్టాడ్లర్ వాయిద్యంలో ఎంత అందం ఉందో చూపించాలని రాసిన సంగీతం.

మొదలు వినండి, మన స్వరాల్లో చెప్పాలంటే ప స గ, గ రి స, అంతే! సంగీతం నేర్చుకునే పిల్లలు కూడా పాడేస్తారు. వెనక స్ట్రింగ్స్, అంటే వయొలిన్ లాంటి తీగ వాయిద్యాలు, మెల్లగా కదులుతుంటాయి, క్లారినెట్ చెప్పిన మాటనే తర్వాత ఆర్కెస్ట్రా అంతా అందుకుంటుంది, అక్కడ హార్న్స్ కూడా చేరేసరికి ఒళ్ళు పులకరిస్తుంది. ఈ కాన్చెర్టోలో పదునుగా వినిపించే ఓబోలు లేవు, ట్రంపెట్లు, డ్రమ్స్ కూడా లేవు, ఆ మెత్తదనం సగం అందుకే.

మధ్య భాగంలో క్లారినెట్ పైనుంచి బాగా కిందికి దిగుతుంది, ఆ కింది స్వరాలంటే స్టాడ్లర్‌కి ప్రాణం, మామూలు క్లారినెట్ కంటే ఇంకా కిందికి వెళ్ళే బాసెట్ క్లారినెట్ ఆయనది. మోజార్ట్ చేతిరాత ప్రతి పోయింది, తర్వాత అచ్చయింది మామూలు క్లారినెట్‌కి మార్చిన వెర్షన్, అందుకే ఇప్పటి ప్లేయర్లు ఆ కింది స్వరాల్ని ఊహించి మళ్ళీ పెట్టుకుంటున్నారు.

ఇక అసలు పరీక్ష, మొదటి మెలడీ తిరిగి వచ్చే చోటు. మంచి ప్లేయర్లు ఇక్కడ దాదాపు గుసగుసలా వాయిస్తారు, క్లారినెట్‌ని అంత మెల్లగా ఊదితే శ్రుతి పైకి జారిపోతుంటుంది, దాన్ని పట్టుకుని, ఊపిరి అదుపులో పెట్టుకుని, నాదం వణక్కుండా ఆ పొడుగు స్వరాల్ని నిలబెట్టాలి, వేగంగా వాయించడం కంటే ఇదే కష్టం అంటాను నేను.

రికార్డింగ్ అడిగితే క్లారినెట్ ప్లేయర్ జబీనే మేయర్, డ్రెస్డెన్ ఆర్కెస్ట్రాతో బాసెట్ క్లారినెట్ మీద చేసింది ముందు వినండి. తర్వాత ఇంకో ప్లేయర్ మార్టిన్ ఫ్రోస్ట్‌ది పెట్టుకుని ఆ తిరిగి వచ్చే చోటు రెండిట్లో పోల్చి చూడండి, మీకు ఏది నచ్చిందో కామెంట్లో రాయండి, నా ఓటు మాత్రం మేయర్‌కే.