ధాతకి పొదను గుర్తుపట్టడం, వర్ణన రాయడం

విజయనగరం, శ్రీకాకుళం కళాశాలల నుంచి వచ్చిన వృక్షశాస్త్ర విద్యార్థులకు, కొండ మొక్కల మీద ప్రేమతో వచ్చిన పెద్దలకు నమస్కారం.

మాఘమాసం వచ్చాక ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే, రోడ్డు కోసం తవ్విన గట్ల మీద ఆకులు పలచబడిన పొదలు కొమ్మ పొడుగునా ఎర్రగా కనిపిస్తాయి. మందస వైపు మహేంద్రగిరి దిగువ వాలుల్లోనూ, పోడు కొట్టి వదిలేసిన నేలల్లోనూ చూడాల్సిన మొక్క ఇదే. దీని పేరు ధాతకి. నీడ దట్టంగా ఉన్నచోట ఇది నిలవదు. ఎండ పడే రాతి వాలు దీనికి ఇష్టం. నరికినా, నిప్పంటుకున్నా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. హిమాలయాల్లో సుమారు 1,500 మీటర్ల ఎత్తు వరకు, ఇటు శ్రీలంక, మయన్మార్, దక్షిణ చైనా కొండల్లోనూ ఉంది.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మొదటి తప్పు అక్కడే జరుగుతుంది. తెలుగులో దీన్ని ఆరెపువ్వు అని కూడా అంటారు. ఆరె చెట్టు అంటే మాత్రం వేరే మొక్క. అది బౌహీనియా రెసిమోసా. ఆకు రెండు చీలికలుగా ఉంటుంది, పువ్వు తెల్లగా ఉంటుంది. రికార్డులో ఒట్టి ‘ఆరె’ అని రాస్తే చదివేవాళ్లకు ఏది అర్థం కావాలి? సంస్కృతంలో దీనికి తామ్రపుష్పి, బహుపుష్పి, వహ్నిజ్వాల అనే పేర్లున్నాయి. మూడూ పువ్వును చూసి పెట్టినవే. శాస్త్రీయ నామం చరిత్ర ఇంకోలా సాగింది. 1759లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీన్ని లైథ్రమ్ ఫ్రూటికోసమ్ అన్నాడు. మన పక్కనే సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ గ్రిస్లియా టోమెంటోసా అని పేరు పెట్టాడు. టోమెంటోసా అంటే నూగు దట్టంగా ఉన్నదని అర్థం. ఆయన ఆకును తిప్పి చూశాడన్నమాట. 1871లో కుర్జ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీన్ని వుడ్‌ఫోర్డియా ఫ్రూటికోసాగా స్థిరపరిచాడు. ఇప్పుడు మనం రాసే పేరు అదే. కుటుంబం లైథ్రేసి, అంటే గోరింట, చెన్నంగి ఉన్న కుటుంబం. దానిమ్మను కూడా ఇప్పుడు అందులోనే చేర్చారు.

ఇక మొక్క దగ్గరికి వెళ్దాం. పువ్వును కాసేపు పక్కన పెట్టండి. ఎర్రగా కనిపించిందల్లా ధాతకి అని రాసేయడం వల్లే తప్పులన్నీ వస్తాయి. మొదట ఆకు చూడండి. కణుపు దగ్గర ఎదురెదురుగా రెండు ఆకులుంటాయి. ఒక్కోచోట కాస్త పైకీ కిందికీ జరిగి ఉంటాయి, అప్పుడప్పుడు మూడేసి కూడా వస్తాయి. అందువల్ల ఒక్క కణుపు చూసి ఆకుల అమరిక రాయకండి, కనీసం పది కణుపులు చూడండి. కాడ ఉండదు, ఉన్నా లేనట్టే ఉంటుంది. ఆకు అడుగుభాగం గుండ్రంగానో హృదయాకారంగానో కొమ్మను తాకుతుంది. పొడవు సాధారణంగా 4 నుంచి 10 సెంటీమీటర్లు, వెడల్పు 1.5 నుంచి 3.5. అంచుకు రంపపు పళ్లుండవు, కొన సూదిగా ఉంటుంది. ఆకును వెనక్కి తిప్పి 10 రెట్ల భూతద్దం పెట్టండి. తెల్లటి పొట్టి నూగు, ఆ నూగు మధ్యలో మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. అవి గ్రంథులు. పువ్వులు లేని శ్రావణ మాసంలో కూడా ఈ పొదను పట్టించేవి ఈ చుక్కలే. లేత ఆకులో అవి నారింజ రంగులో ఉండి సరిగా కనబడవు, కాబట్టి ముదురు ఆకే చూడాలి. ముదురు కాండం మీద బెరడు ఎర్రమట్టి రంగులో ఉండి పలచటి పొరలుగా లేస్తుంది.

ఇప్పుడు పువ్వు. కిందటేటి కొమ్మల మీద, ఆకు గ్రీవాల్లో, అంటే ఆకు కొమ్మను కలిసే మూలల్లో, చిన్న గుత్తులుగా పూస్తుంది. ఆకులు రాలిపోయిన కణుపుల దగ్గర కూడా పూస్తుంది. ఒక పువ్వు తెంపి, కొత్త బ్లేడుతో నిలువునా చీల్చి తెల్ల కాగితం మీద పరవండి. ఎర్రగా, కాస్త వంకరగా, 1 నుంచి 1.5 సెంటీమీటర్ల పొడవున ఉన్న గొట్టం రేకు కాదు. అది రక్షక పత్రావళి గొట్టం, అంటే మొగ్గను కప్పి ఉంచే బయటి పొర. దాని మూతి దగ్గర ఆరు పళ్లు, వాటి సందుల్లో ఇంకా చిన్నవి మరో ఆరు ఉంటాయి. అసలు ఆకర్షణ పత్రాలు, అంటే రేకులు, ఆ మూతి అంచునే ఉంటాయి, ఆరు, సన్నటి దారపు ముక్కల్లా. పళ్లకంటే పొడవు కాస్తే ఎక్కువ. అవి త్వరగా రాలిపోతాయి. ముదిరిన పువ్వు ఒక్కటే చూసి ‘ఆకర్షణ పత్రాలు లేవు’ అని రాసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. సగం విచ్చిన మొగ్గను చీలిస్తే ఆరూ దొరుకుతాయి. కేసరాలు పన్నెండు. గొట్టం అడుగు నుంచి మొదలై బయటికి పొడుచుకొస్తాయి. కీలం, అంటే అండాశయం మీంచి లేచే సన్నటి కాడ, వాటికంటే పొడవు. అండాశయం గొట్టంలో దాగి ఉంటుంది గానీ దానికి అతుక్కోదు, రెండు గదులు, అండాలు అనేకం. ఈ గొట్టం అడుగున తేనె ఉంటుంది. తేనెపిట్టలు వచ్చేది దానికోసమే. ఎండబెట్టిన ఈ పువ్వుల్ని అరిష్టాలు, ఆసవాలు అనే ఆయుర్వేద మందులు పులియబెట్టడానికి బెల్లపు ద్రవంలో వేస్తారు. పులియబెట్టే ఈస్టు పువ్వుతో వస్తుందని అంటారు.

పొరబడే మొక్కలు ముఖ్యంగా రెండు. ఒకటి హామీలియా. పార్కుల్లో, రోడ్డు మధ్య డివైడర్లలో పెంచుతారు. దానివీ నారింజ గొట్టం పువ్వులే. కానీ ఆకుకు స్పష్టమైన కాడ ఉంటుంది, కాడల మధ్య పత్రపుచ్ఛాలు అనే చిన్న ఆకు తునకలుంటాయి, కేసరాలు ఐదే, అండాశయం పువ్వు కింద ఉంటుంది, కాయ నల్లటి పండవుతుంది. రెండోది బదనిక. మామిడి కొమ్మల మీద మనం రోజూ చూసేదే. వంకర తిరిగిన ఎర్ర పువ్వును దూరం నుంచి ఫోటో తీస్తే అచ్చం ఇలాగే ఉంటుంది. ఆకు మందంగా తోలులా ఉండి నల్లచుక్కలు లేకపోతే, కొమ్మ నేలలోంచి కాక మరో చెట్టు కొమ్మలోంచి వస్తుంటే, అది బదనిక.

నమూనా సేకరణలో ఒక చిక్కుంది. పువ్వు నిండుగా ఉన్న కొమ్మకు మంచి ఆకులుండవు. అందుకని అదే పొద నుంచి రెండు కొమ్మలు, ఒకటి పువ్వులతో, ఒకటి ముదురు ఆకులతో, ఒక్కోటి 25 నుంచి 30 సెంటీమీటర్లు కోయండి. ఎండిన నమూనాను అతికించే 42 × 29 సెంటీమీటర్ల షీటుకు అది సరిపోతుంది. అతికించేటప్పుడు రెండు ఆకులైనా వెనక వైపు పైకి కనబడాలి, లేకపోతే ఆ చుక్కలు షీటు కింద పడి ఎవరికీ పనికిరావు. వార్తాపత్రికల మధ్య పెట్టి, మొదటి నాలుగు రోజులు రోజూ కాగితం మార్చండి. మన తీరపు గాలిలో తేమ ఎక్కువ. ఒక్కరోజు మరిచినా గుత్తులకు బూజు పడుతుంది. ఎంత జాగ్రత్తగా ఎండబెట్టినా ఎరుపు గోధుమ రంగులోకి దిగిపోతుంది. కాబట్టి రంగు అక్కడికక్కడే రాయాలి, గొట్టం అడుగు రంగు వేరు, మూతి రంగు వేరుగా. కొలతలు పచ్చిగా ఉన్నప్పుడే, మూడు పొదల నుంచి ఐదేసి పువ్వులు తీసుకుని, కనిష్ఠం, గరిష్ఠం రెండూ రాయండి. ఎండిన పువ్వు కుంచించుకుపోతుంది. తప్పనిసరై ఎండినదాన్నే విప్పాల్సి వస్తే ముందు వేడినీళ్లలో నానబెట్టండి, లేకపోతే కేసరాలు విరిగి లెక్క తప్పుతుంది.

చీటీ మీద ఊరు, మండలం, ఎత్తు, తేదీ, నేల వాలు, పొద ఎత్తు ఉండాలి. స్థానిక పేరు రాసేటప్పుడు అది ఏ భాషో కూడా రాయండి. ఇక్కడి కొండ తెగల్లో సవరలు చెప్పిన పేరునూ జాతాపులు చెప్పిన పేరునూ ఒకే గడిలో కలిపేస్తే రెండూ పాడవుతాయి. విన్నది విన్నట్టు తెలుగు లిపిలో పెట్టండి, మీకు తెలిసిన మాటకు దగ్గరగా దిద్దకండి.

వర్ణన ఇలా మొదలవ్వాలి: ‘పొద, 2 మీటర్లు, కొమ్మలు పొడవుగా వాలి ఉన్నాయి. ఆకులు అభిముఖం, వృంతరహితం, అడుగున తెల్లని నూగు, నల్లని గ్రంథి చుక్కలు.’ అభిముఖం అంటే ఎదురెదురుగా, వృంతరహితం అంటే కాడ లేనివి. ‘అందమైన ఎర్ర పువ్వులు’ అన్న మాట ఎన్ని మొక్కలకైనా సరిపోతుంది, దాన్ని కొట్టేయండి.

కాయ లేకుండా వర్ణన పూర్తవదు. పువ్వులు కోసిన పొదకు గుడ్డపేలిక కట్టి గుర్తు పెట్టుకోండి. చైత్రం, వైశాఖాల్లో మళ్లీ వెళ్తే, వాడిన గొట్టం లోపలే సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్ల గుళిక, అంటే ఎండుకాయ, ఉంటుంది. గొట్టం ఊడదు కాబట్టి బయటినుంచి చూస్తే కాయ లేదనే అనిపిస్తుంది. గోటితో చీల్చి కాగితం మీద దులపండి. గోధుమ రంగు గింజలు, ఇసుక రేణువుల్లా రాలతాయి. వాటిని చిన్న కాగితపు పొట్లం కట్టి, అదే షీటు కుడిమూల అతికించండి.