పావురాలకు అందని వరికుచ్చు

సుధ: పిట్టలకని డాబా మీద పళ్లెంలో గింజలు పోస్తే రెండో రోజుకల్లా పావురాలు దిగిపోతున్నాయి, పిచ్చుక జాడే లేదు. చాలామంది గోల ఇదే, రమణగారూ.

రమణ: తప్పు గింజలది కాదండీ, పళ్లేనిది. చదునుగా నిలబడే చోటుంటే పావురం వదలదు. పిచ్చుకైతే ఊగే కంకిని కాళ్లతో పట్టుకుని వేలాడుతూనే తినేస్తుంది. పావురానికి ఒళ్లు బరువు, ఆ విద్య రాదు. గోదావరి జిల్లాల్లో వరి కంకుల్ని గుత్తిగా చేసి చూరుకు కట్టే వరికుచ్చు ఇక్కడ భలే పనికొస్తుంది.

సుధ: కట్టడం మొదట్నించీ చెప్పండి.

రమణ: గింజ పసుపు తిరిగి, పరక అడుగున ఇంకాస్త పచ్చగా ఉండగా కోయాలి. మరీ పండితే ముడేస్తుంటేనే రాలిపోతుంది. అడుగున్నర పరక ఉంచి కోసి, ఆకులు దూసేసి, నీడన రెండు మూడు రోజులు తలకిందులుగా వేలాడదీయండి. ఎండలో పెడితే పరక పెళుసెక్కి, వంచగానే పుటుక్కుమంటుంది.

సుధ: ఆరకముందే కట్టేస్తే?

రమణ: లోపల బూజు పడుతుంది. పైకి బంగారంలా ఉంటుంది, విప్పితే ముక్కిపోయిన వాసన. బూజు గింజ పిట్టలకు విషం. అందుకే కుచ్చుకు 50 కంకులు చాలు, లావుగా కట్టొద్దు. కట్టేముందు పరకల మీద నీళ్లు చిలకరించి మెత్తబడనిచ్చి, కంకుల మెడ దగ్గర జనపనార తాడు మూడు చుట్లు బిగించండి. ఆరాక పరక సన్నబడి ముడి వదులవుతుంది, మర్నాడు మళ్లీ బిగించాలి. చాలా కుచ్చులు జారిపడేది ఇక్కడే. నైలాన్ దారం మాత్రం వద్దు, పిట్ట కాలికి చుట్టుకుంటే ఊడదు.

సుధ: కంకులు ఏ చేనువైనా పర్లేదా?

రమణ: ఈమధ్య పురుగుమందు కొట్టారేమో రైతునడిగి, కొట్టనివే తెచ్చుకోండి.

సుధ: ఊళ్లో సరే, అపార్టుమెంట్లో వరి ఎక్కడిది?

రమణ: సజ్జ కంకి, కొర్ర కంకి కూడా ఇలాగే కట్టొచ్చు. అవీ లేకపోతే లీటరు ప్లాస్టిక్ సీసా. రెండు గ్లాసుల కొర్రలు, గ్లాసు సజ్జలు, గ్లాసు నూకలు కలిపి పెట్టుకుని, సీసాకు సరిపడా పోయండి. చెక్క గరిటెను అడ్డంగా దూర్చి, గుంట ఉన్న వైపు చిల్లు కాస్త పెద్దది చేస్తే గింజ గరిటెలోకి జారుతుంది. అడుగున సన్న చిల్లులు పెట్టకపోతే వానకు లోపల మొలకలొస్తాయి!

సుధ: వీడియోల్లో కొవ్వు ముద్దలు చూపిస్తున్నారు కదా?

రమణ: అవి చలిదేశాల సరుకు. మన మే నెల ఎండకు కరిగి ఈకలకు అంటుకుంటాయి. పిగిలిపిట్టకు, గోరింకకు అయితే బొప్పాయి ముక్క, మగ్గిన అరటిపండు పెట్టి, సాయంత్రం తీసేయండి, చీమలు పడతాయి. ఉప్పూ కారం కలిసిన మిగులు అన్నం పెట్టకండి.

సుధ: ఎక్కడ కట్టాలి?

రమణ: ఏడడుగుల ఎత్తులో, పిల్లి ఎగిరే గోడకు దూరంగా. దగ్గర్లో గోరింట లాంటి గుబురు పొద ఉంటే పిచ్చుక ధైర్యంగా వస్తుంది. కింద రాలిన ఊక రోజూ ఊడ్చేయాలి, లేదంటే ఎలుకలు మరుగుతాయి. ఇంకోటి, గూట్లో పిల్లలున్నప్పుడు పిచ్చుక వాటికి ఎక్కువగా పురుగులే పెడుతుంది. కుచ్చు కట్టి, పక్క మొక్కలకు పురుగుమందు కొడితే ఏం లాభం?

సుధ: కొత్త కుచ్చు దగ్గరికి ఎన్నాళ్లకూ రాకపోతే?

రమణ: వారం పదిరోజులు కదపకండి. రోజుకో చోటికి మార్చారంటే అసలు రావు.