బోర్డు మీద మచ్చ ఏం చెబుతుంది?

అందరికీ నమస్కారం. రోడ్ల పని చూసే ఇంజనీర్లు, వార్డు సిబ్బంది, సివిల్ డిప్లొమా విద్యార్థులు ఉన్న సభ ఇది. ఉపోద్ఘాతం వదిలేసి బోర్డుతోనే మొదలుపెడదాం.

ఈ టేబుల్ మీదున్నది వేగ పరిమితి బోర్డు. గుండ్రటిది, 600 మిల్లీమీటర్లది. మధ్యలో నల్లటి 40 అంకె నిన్న రాసినట్టుంది. చుట్టూ ఉండాల్సిన ఎర్ర అంచు మాత్రం లేత గులాబీ అయిపోయింది, కొన్నిచోట్ల అసలు లేదు. ఎవరో గీకేశారని మొదట అనిపిస్తుంది. గీకితే గోటికి గరుకు తగలాలి. ఇక్కడ నున్నగా ఉంది. అంటే ఇది ఎండ చేసిన పని. ఎరుపు రంగు నీలి, అతినీలలోహిత కిరణాల్ని తనలోకి పీల్చుకుంటుంది. వాటిలో శక్తి ఎక్కువ, ఏళ్ల తరబడి ఆ దెబ్బకు రంగు అణువులు విరిగిపోతాయి. నలుపులో వాడేది కార్బన్, మన వాడుకలో మసి. దానికి ఎండ లెక్కలేదు. అందుకే అంకె మిగిలి అంచు పోతుంది. అంచు పోయిన 40 వేగానికి హద్దో, ఏ ఊరి దూరమో డ్రైవరుకు ఎలా తెలుస్తుంది?

ఏ బోర్డు ముందు వెలుస్తుందో దిక్కును బట్టి చెప్పొచ్చు. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. మే మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి నిలువు బోర్డు ముఖానికి తగిలే ఎండ తక్కువే. మూడు దాటాక పడమటి ఎండ నేరుగా కొడుతుంది. చలికాలమంతా సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. నైరుతిని చూసే బోర్డుకు ఈ రెండు దెబ్బలూ తప్పవు. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఏలూరు వెళ్లేవాళ్లకు కనిపించే బోర్డుల ముఖాలు పడమర, నైరుతి వైపు ఉంటాయి. ఏలూరు నుంచి వచ్చేవాళ్లవి తూర్పు, ఈశాన్యం వైపు. ఒకే సరుకు, ఒకే రోజు బిగిస్తే మొదటివి ముందు వెలవాలి. ఈశాన్యం చూసేది ముందు వెలిసిందా, సరుకును అనుమానించండి. వెనక్కి తిప్పి తయారీదారు పేరు, నెల, ఏడాది చూడండి. బోర్డు మీద అంటించే మెరిసే స్టిక్కరు, అంటే షీటు రకాన్ని బట్టి వారంటీ 5 నుంచి 10 ఏళ్ల దాకా ఉంటుంది. గడువులో ఉన్న బోర్డుకు మున్సిపాలిటీ డబ్బుతో రంగు వేయడం అన్యాయం.

ఇక రాత్రి సంగతి. మనవాళ్లు రేడియం అనే స్టిక్కరులో రేడియం లేదు, అది దానంతట అది వెలగదు. పాత రకంలో సన్న గాజుపూసలుంటాయి. కొత్త రకంలో గది మూలలాంటి ఆకారంలో అతి చిన్న పట్టకాలుంటాయి. ఆ మూడు గోడలకూ తగిలిన కాంతి వచ్చిన దారినే వెనక్కి వెళుతుంది. హెడ్‌లైటు వెలుగు డ్రైవరు కంటికి తిరిగి చేరేది అందుకే. కాబట్టి పగలు చూసి బోర్డు బాగుందని రాసిన తనిఖీ సగం తనిఖీయే.

రాత్రి పరీక్షకు మామూలు టార్చి చాలు. బోర్డుకు పదడుగుల దూరం సరిపోదు, పది మీటర్లు వెనక్కి వెళ్లండి. టార్చిని చెంపకు ఆనించి, కంటి పక్కనే పెట్టి వెలిగించండి. నడుము దగ్గర పట్టుకుంటే తిరిగొచ్చే కాంతి టార్చి దగ్గరికే పోతుంది, మంచి బోర్డు కూడా చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. బోర్డు పనికిరాదని తప్పుగా రాసేది చాలాసార్లు ఇక్కడే.

షీటును దగ్గర్నుంచి చూస్తే తేనెపట్టులాగానో, డైమండు గళ్లలాగానో సన్నటి గీతలు కనిపిస్తాయి. అవి పగుళ్లు కావు. పై పొరను కింది పొరకు అతికిన అంచులు. ఒక్కో గడి విడిగా మూసి ఉంటుంది, లోపల గాలి ఉంటుంది. రాయి తగిలి ఒక గడి చిల్లిపడితే నీరు ఆ గడిలోకే వెళుతుంది, పక్క గడికి పోదు. ఆ ఒక్క గడీ రాత్రి నల్లబడుతుంది. టార్చి వెలుగులో అంచులు తేటగా, గడి ఆకారంలోనే నల్ల మచ్చ కనిపిస్తే అది దెబ్బ. మచ్చ అంచులు మసకగా ఉండి గడుల హద్దులు దాటి పాకితే అది పైన పట్టిన మురికి, కడిగితే పోతుంది. బోర్డంతా ఒకే తరహాలో గీతలు, చారలుగా నల్లబడితే బిగించకముందే గోడౌనులో పాడైందని అర్థం. బోర్డుల్ని ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి పేర్చినా, ప్యాకింగు కాగితం తడిసినా విప్పకుండా ఉంచినా ఇలా అవుతుంది. బోర్డుల్ని నిలువుగా, అంచుమీద నిలబెట్టి ఉంచాలి. కాగితం తడిస్తే వెంటనే తీసేయాలి.

ఫిర్యాదుల్లో అందరినీ తికమక పెట్టేది ఇంకొకటి ఉంది. మార్గశిరం, పుష్యం తెల్లవారుజాముల్లో కృష్ణ కరకట్ట మీద, బందరు కాలువ పక్కన బోర్డులు నల్లగా కనిపించాయంటారు. పదింటికి వెళ్లి చూస్తే బోర్డు అద్దంలా ఉంటుంది. ఫిర్యాదు చేసిన మనిషిది తప్పు కాదు. రాత్రంతా బోర్డు ఆకాశానికి వేడి వదిలి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది, ముఖం మీద మంచు పడుతుంది. ఆ నీటిబొట్లు కాంతిని చెదరగొడతాయి, తిరిగి కంటికి రానివ్వవు. అప్పుడు జాగ్రత్తగా చూస్తే నల్లటి ముఖం మీద రెండు అడ్డ పట్టీలు మాత్రం మెరుస్తుంటాయి. ఎవరో గుర్తు పెట్టినట్టే ఉంటుంది. అవి వెనకున్న ఛానళ్ల, అంటే బోర్డుకు ఊతమిచ్చే అడ్డ లోహపు పట్టీల గుర్తులు. అక్కడ లోహం ఎక్కువ, ఆలస్యంగా చల్లబడుతుంది, మంచూ ఆలస్యంగా పడుతుంది. అలాంటి బోర్డును మార్చకండి. ఫిర్యాదులో సమయం రాయించుకోండి చాలు.

చిల్లుల విషయానికొస్తే, అమెరికా పల్లెదారుల్లో బోర్డులకు తూటా రంధ్రాలు మామూలే. ఇక్కడ గుండ్రటి చిల్లు కనిపిస్తే ముందు బోల్టు రంధ్రమేమో చూడండి. జంటగా, ఒకే వరసలో, వెనక ఛానలుకు సరిగ్గా ఎదురుగా ఉంటే నట్టు ఊడిందనో, ఊడదీశారనో అర్థం. అల్యూమినియానికి పాత సామాన్ల ధర పలుకుతుంది కాబట్టి దొంగతనాలు తప్పవు. నట్టు బిగించాక బోల్టు మర చెడగొట్టడం, రివెట్లు వాడటం, కొత్తవాటికి ప్లాస్టిక్ గుజ్జు మధ్యలో ఉన్న కాంపోజిట్ షీటు తీసుకోవడం మేలు. రాయి దెబ్బ వేరు. ముందు గుంట, వెనక బొడిపె, చుట్టూ నక్షత్రంలా పగుళ్లు ఉంటాయి.

బోల్టు దగ్గర ఇంకో సంగతి చూడాలి. తల చుట్టూ తెల్లటి పొడి రాలుతూ, కింద గోధుమ చార కారుతుంటే ఇనుప బోల్టును నేరుగా అల్యూమినియానికి బిగించారన్నమాట. రెండు లోహాలు తడిలో కలిసినప్పుడు అల్యూమినియం కరుగుతుంది. పొడి అల్యూమినియంది, చార ఇనుముది. గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) లేదా స్టెయిన్‌లెస్ బోల్టు, మధ్యలో నైలాన్ వాషర్ వేస్తే ఆగుతుంది. వాషర్ ధర ఎంత, బోర్డు ధర ఎంత? ఈ చిన్న పనిలో అలసత్వం క్షమించరానిది.

గీతలకు దిశ ఉంటుంది. అడ్డంగా, ఒక చివర లోతుగా మొదలై రెండో చివర పలచబడితే లోడు రాసుకుంటూ పోయింది. పైమూల వంగి ఉంటే వరిగడ్డి లారీలు, గుంటూరు యార్డుకు మిర్చి బస్తాలతో వెళ్లే లారీలు గుర్తుకు రావాలి. అక్కడ బోర్డును సరిచేస్తే మళ్లీ వంగుతుంది, రోడ్డు అంచు నుంచి వెనక్కి జరపాలి. విల్లులా వంపు తిరిగిన గీతలు ఒకదాని పక్కన ఒకటి ఉంటే అది కొమ్మ. గాలికి ఊగుతూ రుద్దింది. కొమ్మ కొట్టించాకే షీటు మార్చండి.

పోస్టర్లది పెద్ద బెడద. మైదా జిగురు మీద వానాకాలంలో బూజు పెరిగి నల్లచుక్కలు దిగుతాయి. దాన్ని ఇనుప పీచుతో గీకినప్పుడు పోస్టరు చేసిన నష్టం కంటే మనం చేసే నష్టం ఎక్కువ. తడిగుడ్డ పావుగంట అంటించి ఉంచండి, ప్లాస్టిక్ పలకతో లేపండి, తేలికపాటి సబ్బునీళ్లతో మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికి కడిగి మంచినీళ్లు పోయండి. పెట్రోలు, థిన్నరు ముట్టించొద్దు, పై పొర మసకబారుతుంది. పై మూలల్లో సన్న కోతలు కనిపిస్తే ఫ్లెక్సీ కట్టిన బైండింగ్ వైరు గుర్తులు. బహిరంగ ప్రదేశాల్ని వికృతం చేయడాన్ని నిరోధించే రాష్ట్ర చట్టం 1997 నుంచే ఉంది.

మట్టి గీత కూడా చదవదగ్గదే. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తిన సింగ్‌నగర్ లాంటి చోట్ల స్తంభాల మీద గీత వరసగా ఒకే మట్టంలో, కత్తితో కోసినట్టు ఉంటుంది. చక్రాలు చిమ్మిన బురదైతే పైకి పోనుపోను పలచబడుతుంది. నీళ్లలో నానిన బోర్డును ముఖం చూసి వదిలేయకండి. కోసిన అంచుల దగ్గర స్టిక్కరు లేచిందేమో వేలితో తడమండి, జీఐ (గాల్వనైజ్డ్ ఇనుప) పైపును నేల మట్టం దగ్గర సుత్తితో తట్టండి. ఖణేల్‌మంటే గట్టిగా ఉంది, మొద్దుగా మోగితే లోపల తుప్పు తినేసింది. కాంక్రీటు దిమ్మె పైభాగం పైపు నుంచి బయటికి వాలుగా లేకపోతే నీరు నిలిచేది అక్కడే.

ఫిర్యాదు రాసేటప్పుడు ముందు, వెనక, బోల్టు, పాదం నాలుగు ఫోటోలు తీసి, బోర్డు ఏ దిక్కు చూస్తోందో ఒక్క మాట చేర్చండి. జాతీయ రహదారి అయితే 1033కి చెప్పాలి.

ఇప్పుడు హాలులో లైట్లు ఆపుతున్నాం. ఎదురుగా మూడు పాత బోర్డులున్నాయి, తలా ఒక టార్చి తీసుకోండి. చెంపకు ఆనించి పట్టుకుని, రెండో బోర్డు కుడి మూలలో ఉన్న నల్లమచ్చ గడి హద్దుల్లోనే ఆగిందో, దాటి పాకిందో చూసి చెప్పండి.