చెట్టు కొమ్మలు, కరెంటు తీగలు: శ్రోతల ప్రశ్నలకు ఇంజనీరు జవాబులు

వ్యాఖ్యాత: లైన్లో ఒక శ్రోత ఉన్నారు. నమస్కారమమ్మా, చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. మా పెరట్లో వేపచెట్టు కొమ్మలు కరెంటు తీగల దాకా పెరిగాయి. గాలికి ఊగినప్పుడు చిటపటమంటూ రవ్వలు రాలుతున్నాయి. మావారేమో ఆదివారం మెయిన్ ఆపేసి తనే కొట్టేస్తానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

ఇంజనీరు: ఆయన్ని ఆపండమ్మా. మెయిన్ ఆపితే మీ ఇంట్లో కరెంటు ఆగుతుంది, అంతే. స్తంభాల మీది తీగలో అలాగే ఉంటుంది.

శ్రోత: పోనీ, కరెంటు పోయినప్పుడు కొడితే?

ఇంజనీరు: అసలొద్దు. ఏ క్షణాన వస్తుందో ఎవరికీ తెలియదు. ఇంకో సంగతుంది. ఎవరింట్లోనైనా జనరేటర్‌ని సరిగ్గా కలపకపోతే ఆ కరెంటు వెనక్కి తీగల్లోకి ఎక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వేల వోల్టులకు పెంచేస్తుంది. ఊరంతా చీకటిగా ఉన్నా తీగలో కరెంటు ఉండొచ్చన్నమాట. అందుకే లైన్‌మన్ కూడా ఎల్‌సీ, అంటే లైన్ ఆపాం, పని చేసుకోవచ్చనే అనుమతి తీసుకుని, కరెంటు లేదని పరీక్షించి, తీగను నేలకు కలిపి ఎర్తింగ్ చేశాకే తీగ మీద చెయ్యి వేస్తాడు. అన్నీ తెలిసినవాడికే అన్ని జాగ్రత్తలు!

వ్యాఖ్యాత: కర్రకు కరెంటు పాకదంటారు కదా సార్?

ఇంజనీరు: ఆ నమ్మకమే ప్రాణాల మీదకు తెస్తుందండీ. పచ్చికొమ్మలో లవణాలు కలిసిన నీరు ఉంటుంది, దానిలోంచి కరెంటు పాకుతుంది. 11 కిలోవోల్టుల లైనంటే 11 వేల వోల్టులు, ఆ తీగలకు చాలాచోట్ల తొడుగే ఉండదు. అల్యూమినియం నిచ్చెన గానీ తడి గడ గానీ మరీ దగ్గరకు వెళ్తే, తగలకముందే కరెంటు దూకుతుంది. అమ్మా, ఆ వేపచెట్టుకు బట్టలారేసే తీగ ఏమైనా కట్టారా?

శ్రోత: కట్టామండీ. ఇనప తీగే.

ఇంజనీరు: దాన్నీ, చెట్టునీ ఎవరూ ముట్టుకోకండి. పిల్లల్ని అటు పోనివ్వకండి. రవ్వలు రాలుతున్నాయంటే చెట్టులోంచి నేలలోకి కరెంటు దిగుతున్నట్టే. ఫోన్ పెట్టగానే విద్యుత్ కార్యాలయానికి చెప్పండి. స్తంభం మీద నంబరుంటే దూరం నుంచే చూసి అది కూడా చెప్పండి. ఈలోగా తీగ తెగిపడితే కనీసం 10 మీటర్ల దూరంలో ఉండండి.

శ్రోత: అలాగేనండీ. వాళ్లొస్తే పైభాగం మొత్తం నరికించెయ్యమంటారా?

ఇంజనీరు: మోడు చేయించకండి. మోడు చుట్టూ గుబురుగా కొత్త చిగుళ్లొచ్చి త్వరగానే మళ్లీ తీగను అందుకుంటాయి. వాటి అతుకు బలహీనం, గాలికి విరిగి పడేవీ అవే. తీగవైపు పోయే కొమ్మను, పక్కకు సాగే కొమ్మ చీలిన చోటికి కోయించండి. బరువైన కొమ్మకు ముందు కింద గాటు పెట్టాలి, లేకపోతే బెరడు చీలిపోతుంది.

వ్యాఖ్యాత: ఇంకో శ్రోత. చెప్పండి సార్.

రెండో శ్రోత: మాది కొబ్బరిచెట్టండీ, సరిగ్గా తీగ కిందే ఉంది. పైన కొట్టిస్తే సరిపోతుందా?

ఇంజనీరు: కొబ్బరికి ఉన్నది ఒక్క మొవ్వే. అది తెగితే చెట్టు చచ్చిపోతుంది. మట్టలు తీయించినా చెట్టు పైకే ఎదుగుతుంది కాబట్టి, బాధగానే చెబుతున్నాను, కార్యాలయం వాళ్ల చేత మొత్తం తీయించెయ్యడమే మంచిది.

రెండో శ్రోత: ఆ చోట మళ్లీ ఏం వేసుకోవచ్చు?

ఇంజనీరు: మందార, నందివర్ధనం లాంటి పొట్టివి వేసుకోండి. కొబ్బరే కావాలంటే, ఎదిగాక ఎంత ఎత్తవుతుందో తీగకు అంతకంటే ఎక్కువ దూరంలో నాటండి. కూలినా తీగ మీద పడదు.