27 పేజీల్లో 8వ పేజీ

నమస్కారం. 2017 జులై 7వ తేదీ రాత్రి, మన వాళ్లలో చాలామందికి పరిచయమున్న శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో, ప్రయాణికులతోనూ ఇంధనంతోనూ నిండిన నాలుగు విమానాలు, రన్‌వేకు చేర్చే దారి అయిన ట్యాక్సీవే ‘సి’ మీద ఒకదాని వెనుక ఒకటి నిలబడి టేకాఫ్ వంతు కోసం ఎదురుచూస్తున్నాయి. రాత్రి 11 గంటల 56 నిమిషాలకు, టొరంటో నుంచి 140 మందితో వచ్చిన ఎయిర్ కెనడా 759 విమానం, పక్కపక్కనే ఉన్న 28 ఎడమ, 28 కుడి రన్‌వేల్లో తాను దిగవలసిన కుడిదాన్ని వదిలి, సరాసరి ఆ ట్యాక్సీవే మీదికే దిగసాగింది. కింద ఉన్న యునైటెడ్ విమానం పైలట్ రేడియోలో హెచ్చరించాడు; ఫిలిప్పీన్ ఎయిర్‌లైన్స్ విమానం తన లైట్లు వెలిగించింది. పైలట్లు విమానాన్ని మళ్లీ పైకి లేపేసరికి అది నేలకు సుమారు 60 అడుగుల ఎత్తు దాకా దిగివచ్చింది. ఎవరికీ గాయం కాలేదు.

ఈ పొరపాటుకు బీజం టొరంటోలో, విమానం బయలుదేరక ముందే పడింది. ఆ రాత్రి 11 గంటల నుంచి 28 ఎడమ రన్‌వేను నిర్మాణ పనుల కోసం మూసివేస్తారని, దాని దీపాలు ఆర్పివేసి ఉంటాయని పైలట్లకు ముందుగానే తెలియాలి. తెలియజేశారు కూడా. అయితే ఆ సమాచారం వారి చేతికి అందిన 27 పేజీల పత్రాల్లో 8వ పేజీలో ఉంది.

పైలట్లకు ఇటువంటి విషయాలను తెలిపే ప్రకటనలను నోటామ్‌లు అంటారు. టెలిప్రింటర్ల కాలంలో అక్షరాలను ఆదా చేయడానికి పుట్టిన పొట్టి సంకేతాలు, అన్నీ పెద్ద అక్షరాలు, వాటి మధ్య అంకెల్లో తేదీలు, వేళలు: ఆ రూపం నేటికీ పెద్దగా మారలేదు. ఎక్కడో ఒక టవర్ మీద ఎర్రదీపం పనిచేయడం లేదన్న కబురూ, దిగవలసిన రన్‌వే పక్క రన్‌వే మూతపడిందన్న కబురూ ఒకే గొంతుతో, ఒకే వరుసలో వస్తాయి. పెళ్లి సామాను జాబితాలో తాళిబొట్టును తమలపాకులకూ వక్కలకూ మధ్య రాసినట్టుంటుంది వ్యవహారం. దర్యాప్తు జరిపిన అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి అధ్యక్షుడు రాబర్ట్ సమ్‌వాల్ట్ 2018 సెప్టెంబరు సమావేశంలో, ఈ నోటామ్‌లు ఎవరూ పట్టించుకోని చెత్త అని బాహాటంగానే అన్నారు. అంతటి పదవిలో ఉన్నవారు అంత మాట అనడం అరుదు. నా దృష్టిలో అది అతిశయోక్తి కూడా కాదు.

ఆ సమాచారం మనసులో లేకపోవడం వల్ల ఏం జరిగిందో చూడండి. రెండు రన్‌వేలూ వెలుగుతూ ఉంటాయన్న అంచనాతో వచ్చిన పైలట్లకు, ఎడమ రన్‌వే చీకట్లో ఉండడంతో, వెలుగుతున్న కుడి రన్‌వేయే ఎడమ రన్‌వేగా కనిపించింది. దానికి కుడి పక్కన, నిలిచి ఉన్న విమానాల దీపాలతో మెరుస్తున్న ట్యాక్సీవే తమ రన్‌వే అనిపించింది. అనుమానం రాకపోలేదు, రన్‌వే మీద లైట్లు కనిపిస్తున్నాయని వారు కంట్రోల్ టవర్‌ను అడిగారు. 28 కుడి రన్‌వే మీద మీరు తప్ప ఎవరూ లేరని టవర్ చెప్పింది. ఆ మాట నిజమే, కానీ వారు వస్తున్నది ఆ రన్‌వే మీదికి కాదు.

అంతమాత్రాన తప్పంతా కాగితానిదేనని నేను అనను. రన్‌వే మూత సంగతి, దారిలో తెప్పించుకున్న విమానాశ్రయ సమాచార సందేశంలో కూడా ఉంది. దిగే ముందు జరిపే బ్రీఫింగ్‌లో దానిని గట్టిగా చెప్పుకొని ఉంటే, చీకట్లో ఉన్న రన్‌వేను వారే వెతికి ఉండేవారు. పైగా ఆ రాత్రి దిగే పద్ధతికి (అప్రోచ్‌కు), రన్‌వే మధ్యరేఖను చూపే రేడియో వ్యవస్థ ఐఎల్ఎస్ ఫ్రీక్వెన్సీని చేత్తో నమోదు చేయాలి. ఆ సూచన చార్టులోనే ఉన్నా కో-పైలట్ దానిని నమోదు చేయలేదు, కెప్టెన్ సరిచూడలేదు. అప్పటికి కెప్టెన్ నిద్ర లేచి 19 గంటలు దాటింది. టొరంటో లెక్కన తెల్లవారుజాము 3 కావస్తోంది. అలసిన మనిషి తనకు అలవాటైన దృశ్యాన్నే చూస్తాడు.

నోటామ్ చదివి, గుర్తుంచుకున్నా ప్రమాదం తప్పని సందర్భం కూడా ఉంది. 2000 అక్టోబరు 31న తైపేలో, తుపాను వానలో, సింగపూర్ ఎయిర్‌లైన్స్ 006 విమానం నిర్మాణ పనుల కోసం మూసిన రన్‌వే మీద టేకాఫ్‌కు పరుగుతీసి యంత్రాలను ఢీకొంది. 83 మంది మరణించారు. ఆ రన్‌వే మూతపడిందని పైలట్లకు తెలుసు. తాము నిలబడినది దాని మీదేనని తెలియలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో ఘటన తరువాత రవాణా భద్రతా మండలి, పైలట్లకు ముఖ్యమైన సమాచారం ముందుగా కనబడేలా ఈ ప్రకటనల తీరును మానవ ప్రవర్తన నిపుణులతో సమీక్షింపజేయాలని అమెరికా విమానయాన శాఖకు సిఫారసు చేసింది. 2023 జనవరి 11న అక్కడి నోటామ్ కంప్యూటర్ వ్యవస్థ ఆగిపోతే, దేశమంతటా బయలుదేరవలసిన విమానాలను నిలిపివేశారు. సరిగా చదవలేని ఆ పత్రం లేకుండా ఎగరడానికి మాత్రం అనుమతి లేదు.

ఎయిర్ కెనడా పైలట్లు ఆ 8వ పేజీ గురించి కాక్‌పిట్‌లో ఏమనుకున్నారో దర్యాప్తుకు అందలేదు. ఘటన తీవ్రత అధికారులకు చేరేలోపే విమానం మరో ప్రయాణానికి బయలుదేరడంతో, ఆ రాత్రి మాటల రికార్డింగ్ మీద కొత్త మాటలు నమోదయ్యాయి.