రాలడం వేరు, తెగడం వేరు: పీచులా లేచే జుట్టును ఎలా కాపాడుకోవాలి?

తెర మీద: బల్ల మీద తెల్ల కాగితం. దువ్వెనలోంచి తీసిన వెంట్రుకలు దాని మీద పరిచి ఉన్నాయి. కెమెరా బాగా దగ్గరకు.

మాట: నమస్తే అందరికీ. పొద్దున తల దువ్వుకున్నాక దువ్వెనలో మిగిలిన వెంట్రుకల్ని ఉండ చుట్టి పారేస్తాం కదా. ఇవాళ పారేయకండి. ఇలా ఒక తెల్ల కాగితం మీద పరవండి.

ఈ పొడుగుది చూడండి. ఒక కొసన చిన్న తెల్లటి బుడిపె కనిపిస్తోందా? ఇది కుదురు నుంచి ఊడింది. దాని కాలం తీరింది, రాలింది. రోజుకు 50 నుంచి 100 దాకా ఇలా రాలడం ఎవరికైనా మామూలే. ఇప్పుడు దీని పక్కనున్నది చూడండి. బెత్తెడు కూడా లేదు. రెండు కొసల్లో ఎక్కడా బుడిపె లేదు. పైగా ఒక కొస రెండు పాయలుగా చీలింది. ఇది రాలింది కాదు, మధ్యలో తెగింది.

మీ కాగితం మీద అన్నీ బుడిపెలున్నవే గుప్పెడేసి ఉంటే ఈ వీడియో మీకు పెద్దగా పనికిరాదు, ముందే చెప్తున్నా. టైఫాయిడో డెంగ్యూనో వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు, కాన్పు అయిన కొన్ని నెలలకు అలా ఊడుతుంది. అది చాలామందికి దానంతట అదే సర్దుకుంటుంది. అలాంటి కారణమేమీ లేకుండా ఊడుతుంటే హిమోగ్లోబిన్, ఐరన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. థైరాయిడ్ తక్కువైతే జుట్టు ఊడటమే కాదు, ఎండిపోయి పెళుసుగా కూడా అవుతుంది. పేనుకొరుకుడులాగా రూపాయి బిళ్లంత మేర నున్నగా అయినా, నెత్తి మీద పొట్టు లేచి చీము పట్టినా చర్మ డాక్టర్‌కు చూపించాలి. వరంగల్ వాళ్లకు ఎంజీఎం ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. నూనెలతో కాలయాపన చేయొద్దు.

చిన్న చిన్న ముక్కలే ఎక్కువున్నవాళ్లు ఉండండి. మనం మాట్లాడుకునేది మీ గురించే.

తెర మీద: జడ విప్పి ముందుకు వేసుకున్న అమ్మాయి. వేలు కుదురు నుంచి కొస దాకా నెమ్మదిగా జారుతుంది.

మాట: జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు, కొంచెం అటూ ఇటూగా పెరుగుతుంది. మీ జడ నడుము దాకా ఉందనుకోండి, 60 సెంటీమీటర్లు. అంటే ఆ కొస పుట్టి దగ్గర దగ్గర ఐదేళ్లు. ఐదు ఎండాకాలాలు చూసింది. వరంగల్‌లో మేలో 44, 45 డిగ్రీలు కాసే ఎండ, వడగాలి, బోరు నీళ్లు, పెళ్లిళ్లలో స్ట్రెయిట్‌నర్, అన్నీ దాని మీదుగానే పోయాయి. కుదురు దగ్గరది నిన్న మొన్నటి జుట్టు. రెంటినీ ఒకేలా రుద్దితే కొస ఏం తట్టుకుంటుంది?

ఇంకోటి. చర్మం బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు. చర్మం గీరుకుపోతే మానుతుంది. వెంట్రుక చీలితే మానదు, ఏ సీరమ్ రాసినా అతుక్కోదు. "జుట్టుకు లోపలి నుంచి పోషణ" అని సీసా మీద రాసిన మాటకు నేనైతే ఒక్క రూపాయి ఎక్కువ పెట్టను. మన చేతిలో ఉన్నది ఒకటే, ఉన్న జుట్టు ఇంకా దెబ్బతినకుండా చూసుకోవడం.

దెబ్బ ఎక్కడ తగులుతుంది? వెంట్రుక పైన పలుచటి పొలుసులు ఒకదాని మీద ఒకటి కప్పుకొని ఉంటాయి. వాటి మీద సహజంగా ఒక సన్నని కొవ్వు పూత ఉంటుంది. ఆ పూత పోయి, పొలుసులు లేచాక గాలిలోని తేమ తేలిగ్గా లోపలికి దూరుతుంది. అందుకే జూలైలో ముసురు పట్టగానే, అప్పుడే దువ్వుకున్న తల కూడా పీచులా లేస్తుంది. ఉంగరాల జుట్టుకు ఈ బాధ ఎక్కువ. నెత్తి మీద ఊరే నూనె ఆ మెలికలన్నీ దాటుకుని కొస దాకా చేరదు, మెలిక తిరిగిన చోటే వెంట్రుక బలహీనం కూడా.

తెర మీద: తలస్నానం చేసి వచ్చిన అమ్మాయి. తల వంచి, తువ్వాలుతో జుట్టును ఫట్ ఫట్‌మని కొడుతోంది. చిత్రం అక్కడే ఆగుతుంది.

మాట: ఇదిగో, ఇక్కడ. మన ఇళ్లలో అందరం చూసిందే. అమ్మ, పెద్దమ్మ, మేనత్త, అందరూ ఇలా కొట్టే ఆరబెట్టారు. వాళ్లకు అంత జుట్టు ఎలా ఉందని అడగకండి, తట్టుకునే జుట్టు తట్టుకుంటుంది. తెగే జుట్టుకు మాత్రం ఇంతకంటే పెద్ద శత్రువు లేదు.

తడిసిన వెంట్రుక ఉబ్బి మెత్తబడుతుంది, లాగితే సాగుతుంది. సుమారు 30 శాతం దాటి సాగితే మళ్లీ మామూలు కాదు. ఆ స్థితిలో తువ్వాలుతో కొట్టడం, గట్టిగా పిండటం, సన్న పళ్ల దువ్వెన పెట్టి పైనుంచి కిందికి ఒక్క గుంజు గుంజడం, ఈ మూడూ మానేస్తే సగం పని అయిపోయినట్టే. పాత కాటన్ పంచె ముక్కో, టీ షర్టో తీసుకుని అదిమి నీళ్లు తీయండి. రుద్దొద్దు.

చిక్కు తీసేటప్పుడు కొసల నుంచి మొదలుపెట్టండి. నాలుగు వేళ్ల మేర తీశాక ఇంకొంచెం పైకి. చిక్కు ఉన్నచోటికి కొంచెం పైన జుట్టును పిడికిట్లో పట్టుకుంటే ఆ గుంజుడు కుదురు దాకా పోదు. సాఫీ జుట్టువాళ్లు కాస్త ఆరాక దువ్వుకోవాలి. ఉంగరాల జుట్టువాళ్లు మాత్రం ఎండాక దువ్వితేనే ఎక్కువ తెగుతుంది, కండీషనర్ ఉండగానే తడి మీద వెడల్పు పళ్ల దువ్వెనతో మెల్లగా తీసుకోవాలి.

తెర మీద: ప్లాస్టిక్ దువ్వెన క్లోజప్. పళ్ల మధ్య గోరు పెట్టి గీస్తుంటే టిక్ టిక్‌మనే చప్పుడు.

మాట: ఈ చప్పుడు వింటున్నారా? చవక దువ్వెనల్లో అచ్చు రెండు భాగాలు కలిసినచోట ఒక పదునైన గీత మిగులుతుంది. గోటికి తగిలితే చాలు, అది రోజూ మీ జుట్టును గీరుతున్నట్టే. అలాంటిది పారేయండి. అంగట్లో కొనేటప్పుడు కూడా గోరు పెట్టి చూసే కొనండి, షాపాయన ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి.

ఇప్పుడు నీళ్లు. హనుమకొండ, కాజీపేట, వరంగల్ కాలనీల్లో, చుట్టుపక్కల ఊళ్లలో తలస్నానానికి బోరు నీళ్లే వాడే ఇళ్లు చాలా. బకెట్ అడుగున, గీజర్ రాడ్ మీద తెల్లటి పెచ్చు కడుతోందంటే అవి ఉప్పు నీళ్లు, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లు.

తెర మీద: రెండు ఖాళీ నీళ్ల సీసాలు. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు. రెంట్లోనూ మామూలు స్నానం సబ్బు తురుము కొంచెం వేసి ఊపుతారు.

మాట: నల్లా సీసాలో నురగ పైకి లేచింది. బోరు సీసాలో నురగ తక్కువ, నీళ్లు విరిగిన పాలలా అయ్యాయి. సబ్బూ కాల్షియమూ కలిసి కట్టిన మడ్డి అది. సబ్బుతో తల రుద్దుకునే మగవాళ్లు కూడా కొంచెం వినండి, ఈ మడ్డే మీ జుట్టుకు పట్టేది. షాంపూ ఇలా విరగదు. కానీ ఆ ఖనిజాలు మాత్రం దెబ్బతిన్న జుట్టుకు ఎలాగూ అంటుకుంటాయి, గరుకుగా చేస్తాయి. గరుకైతే చిక్కు, చిక్కైతే గుంజుడు, గుంజితే తెగుడు.

దీనికోసం వేలు పోసి పరికరాలు కొనొద్దు. షవర్‌కు తగిలించే చిన్న ఫిల్టర్లలో చాలావరకు క్లోరిన్‌ను తగ్గిస్తాయి తప్ప ఈ ఉప్పుదనాన్ని తీయవు. తల మొత్తం బోరు నీళ్లతోనే కడుక్కోండి, చివరి రెండు చెంబులు మాత్రం నల్లా నీళ్లు పోసుకోండి. నల్లా లేకపోతే మగ్గు నీళ్లలో చిన్న చెంచాడు వెనిగర్ కలిపి వారానికొకసారి జుట్టు మీదుగా పోసి కడిగేయండి. నిమ్మకాయ నేరుగా నెత్తికి రుద్దుకుని ఎండలో కూర్చోవడం మాత్రం వద్దు, చర్మం కమిలి మచ్చలు పడతాయి.

కుంకుడుకాయ సంగతి అందరూ అడుగుతారు. మంచిదే. దాని రసం సబ్బులా క్షార గుణం ఉన్నది కాదు, కొంచెం ఆమ్లమే. ఉప్పు నీళ్లలో కూడా మడ్డి కట్టదు. కాకపోతే మురికి వదిలించడంలో చాలా ఘాటు. చిక్కటి గుజ్జు పట్టించి పొడుగంతా రుద్దితే జుట్టు కిచకిచమంటుంది. శుభ్రమైందని మనం సంబరపడతాం గానీ, ఆ చప్పుడు ఉన్న కాస్త పూతా పోయిందని అర్థం. రసం పలుచగా తీయండి, బట్టలో వడగట్టండి, నెత్తి వరకే రుద్దండి. కొసలకు కిందికి జారే నురగ చాలు. షాంపూకూ ఇదే లెక్క.

తలంటుకు ముందు కొబ్బరి నూనె పెట్టే అలవాటు మాత్రం పోనివ్వకండి. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. జుట్టులోంచి ప్రోటీన్ పోకుండా ఆపింది కొబ్బరి నూనె ఒక్కటే. దాంట్లోని లారిక్ ఆమ్లం సన్నగా, తిన్నగా ఉంటుంది కాబట్టి వెంట్రుక లోపలికి దూరగలదు. లోపల నూనె ఉంటే నీళ్లు ఎక్కువ పీల్చుకోదు, ఉబ్బదు. అరగంట ముందు పెట్టినా చాలు, రాత్రి పెట్టి పడుకున్నా సరే. పొడుగుకూ కొసలకూ పెట్టండి. చుండ్రు ఉన్నవాళ్లు నెత్తికి పెట్టొద్దు, చుండ్రుకు కారణమైన ఫంగస్ ఆ కొవ్వు మీదే బతుకుతుంది. గుడ్డు, ఉల్లిరసం, పెరుగు? పెరుగు మెత్తదనం ఇస్తుంది, ఇష్టమైతే పెట్టుకోండి. గుడ్డులోని ప్రోటీన్ వెంట్రుకలోకి దూరేంత చిన్నది కాదు. ఉల్లిరసం మీద జరిగిన పరిశోధన పేనుకొరుకుడు గురించి, తెగే జుట్టు గురించి కాదు. వాసన ఒకటే మిగులుతుంది.

తెర మీద: తడి జుట్టు కొసలకు వేళ్లతో కండీషనర్ రాస్తున్న చేతులు.

మాట: మన దగ్గర చాలా ఇళ్లలో షాంపూ ఉంటుంది, కండీషనర్ ఉండదు. "అది స్టైలుకు" అనుకుంటారు. నేత పని తెలిసిన ఇళ్లలో అడగండి, మగ్గం ఎక్కించే ముందు పడుగుకు, అంటే నిలువు పోగులకు, గంజి ఎందుకు పెడతారో చెప్తారు. నూలు పోగు మీది నూగు అణిగి, పోగులు ఒకదానికొకటి రాసుకుని తెగకుండా. కండీషనర్ చేసేది అదే. దెబ్బతిన్న వెంట్రుక మీద రుణావేశం (నెగెటివ్ చార్జ్) ఉంటుంది, కండీషనర్‌లో ధనావేశం (పాజిటివ్ చార్జ్) ఉన్న పదార్థాలుంటాయి, ఈ రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. కాబట్టి ఎక్కడ దెబ్బ ఎక్కువో అక్కడే బాగా పట్టుకుంటుంది. చవక సాచెట్‌లోనైనా పని చేసే సరుకు ఇదే. ప్రతి తలస్నానానికీ, చెవుల కిందినుంచి కొసల దాకా రాయండి, రెండు నిమిషాలు ఆగి కడిగేయండి. ఈ వీడియోలో ఒక్కటే పాటిస్తానంటే ఇదే పాటించండి.

బడిపిల్లల తల్లులకు ఒక మాట. రెండు జడలు వేసి, పైకి మడిచి రిబ్బన్ కట్టి, కళ్లు కూడా పైకి లాగినట్టయ్యేలా బిగిస్తే టీచరమ్మ మెచ్చుకుంటుందేమో గానీ, నుదుటి దగ్గర, చెవుల పక్కన జుట్టు పలుచబడుతుంది. ఏళ్ల తరబడి అలాగే లాగితే అక్కడ మళ్లీ మొలవకపోవచ్చు. వదులుగా అల్లండి. కిరాణా పొట్లాలకు వచ్చే సన్న రబ్బర్లు జుట్టుకు వేయొద్దు, బట్ట చుట్టిన రబ్బరు వాడండి. స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లేవాళ్లు జుట్టు విరబోసుకుని పోకండి, జడ వేసి, కొస స్కార్ఫ్ లోపలికి దోపుకోండి.

సద్దుల బతుకమ్మ నాడు సవరాలు, పిన్నులు, స్ప్రే ఎలాగూ తప్పవు. ఇంటికొచ్చాక స్ప్రే కొట్టిన జుట్టును అర్ధరాత్రి దువ్వెనతో పీక్కోకండి. పిన్నులు తీసి, వదులుగా ముడేసుకుని పడుకుని, పొద్దున కండీషనర్ పెట్టి తడి చేశాకే విప్పండి.

తెర మీద: స్ట్రెయిట్‌నర్. దాని మీద డిగ్రీల అంకెలు.

మాట: తడి జుట్టుకు ఇది పెట్టినప్పుడు సుయ్‌మని ఆవిరి వస్తుంది చూశారా? వెంట్రుక లోపలి నీళ్లు మరిగి బుడగలు కడతాయి, ఆ బుడగ ఉన్నచోట పుటుక్కున తెగుతుంది. పూర్తిగా ఆరాకే పెట్టాలి, 150 డిగ్రీలు దాటకుండా పెట్టాలి. తెగే జుట్టుకైతే పెళ్లికో పేరంటానికో తప్ప అసలు వద్దనే చెప్తాను. కెరటిన్ అంటే వెంట్రుకలో ఉండే ప్రోటీనే, కానీ పార్లర్‌లో చేసే కెరటిన్ ట్రీట్‌మెంట్ పేరు విని బలం వస్తుందనుకోకండి. చాలా వాటిలో ఫార్మాల్డిహైడ్‌ను వదిలే రసాయనాలుంటాయి, కళ్లు మండేది అందుకే. గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉన్న రకాలతో కిడ్నీలు దెబ్బతిన్న కేసులు కూడా వైద్య పత్రికల్లో వచ్చాయి. ఏం వాడుతున్నారో సీసా చూపించమని అడగండి. చూపించకపోతే లేచి వచ్చేయండి.

చీలిన కొసలను కత్తిరించక తప్పదు. కత్తిరిస్తే ఎక్కువ పెరుగుతుందని కాదు, పెరుగుదల కుదురులో జరుగుతుంది, దానికి కత్తెర సంగతి తెలియదు. చీలిక పైకి పాకకుండా ఆగుతుంది, అంతే. రెండు మూడు నెలలకొకసారి చీలిన మేర కొంచెం తీయించినా చాలు.

వేములవాడలో గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందా అని కూడా అడుగుతారు. మొక్కు ఉంటే సంతోషంగా ఇవ్వండి, రాజన్న దయ. ఒత్తు మాత్రం పెరగదు. నున్నటి సన్న కొస పోయి, కత్తి కోసిన మొద్దు కొస బయటికి వస్తుంది కాబట్టి చేతికి బిరుసుగా, ఒత్తుగా తగులుతుంది. కుదుళ్లు ఎన్ని ఉన్నాయో అన్నే ఉంటాయి.

ఈ పద్ధతులు మొదలుపెట్టిన వారంలోనే చిక్కు తగ్గడం తెలుస్తుంది. పొడుగు పెరగడం కనిపించాలంటే నెలకు ఒక సెంటీమీటరు లెక్కన ఆరు నెలలైనా ఆగాలి. ఈలోపు నెలకోసారి అదే తెల్ల కాగితం పరీక్ష చేసుకుని ఫొటో తీసి పెట్టుకోండి. చిన్న ముక్కలు తగ్గుతున్నాయో లేదో ఫొటోల్లోనే తెలిసిపోతుంది. తగ్గకపోతే, ఆ ఫొటోలే డాక్టర్‌కు చూపించండి.