క్లౌన్ ట్రిగ్గర్‌ను పెంచాలంటే

నమస్కారం. తెర మీద కనిపిస్తున్న చేపను చూడండి. నల్లటి ఒళ్లు, పొట్ట మీద పెద్ద పెద్ద తెల్లటి మచ్చలు, పసుపు మూతి. ఇది క్లౌన్ ట్రిగ్గర్. వేలెడంత పిల్లను చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. కానీ హిందూ, పసిఫిక్ మహాసముద్రాల పగడపు దిబ్బల్లో ఇది 50 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. స్వభావం కూడా ఒళ్లుతో పాటే పెరుగుతుంది. నెలల తరబడి కలిసిమెలిసి తిరిగిన చేపల మీదే ఒక రోజు హఠాత్తుగా విరుచుకుపడుతుంది.

"ఇప్పటికి చిన్న ట్యాంకు చాలు, తర్వాత మారుద్దాం" అనే ఆలోచన వద్దు. నన్నడిగితే దీనికి వెయ్యి లీటర్లకు తగ్గకూడదు, తోడు చేపలూ ఉండకూడదు. రొయ్యలు, పీతలు, నత్తలు వేస్తే అవి దానికి మేతే. ఎంత బతిమాలినా ఈ విషయంలో నా సలహా మారదు.

ఇక ట్యాంకు సర్దుదాం. ముందు రాళ్లను నేరుగా అడుగు మీద కదలకుండా నిలబెట్టండి, ఆ తర్వాతే ఇసుక పోయండి. ట్రిగ్గర్‌లు నోటితో నీటిని చిమ్మి ఇసుకను తవ్వుతాయి. ఇసుక మీద నిలబెట్టిన రాయి ఏదో ఒక రోజు దొర్లి అద్దాన్ని పగలగొడుతుంది. హీటరునూ వైర్లనూ సంప్‌లోకి, అంటే ట్యాంకు కింద నీరు శుభ్రపడే తొట్టిలోకి, మార్చేయండి, అందుబాటులో ఉంటే కొరకకుండా వదలదు. రాత్రి దూరి పడుకోవడానికి ఒక గుహలాంటి సందు మాత్రం తప్పనిసరి.

నీటి వేడి 24 నుంచి 26 డిగ్రీలు, నీటి ఉప్పదనాన్ని చూపే సాపేక్ష సాంద్రత 1.020 నుంచి 1.025. చెత్త నుంచి పుట్టే విషాలైన అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. తినేది మాంసం, మిగిల్చే చెత్త కూడా ఎక్కువే కాబట్టి గట్టి ప్రోటీన్ స్కిమ్మర్ (నీటిలోని చెత్తను నురగతో బయటికి లాగే పరికరం) పెట్టండి.

మేత దగ్గర కాస్త ఆగుదాం, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. దీని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. మెత్తటి ముక్కలే వేస్తూ పోతే పళ్లు అరిగిపోక, చివరికి నోరు మూయలేని స్థితి వస్తుంది. అందుకే పెంకు తీయని రొయ్య, పీత, ఆల్చిప్ప వంటివి తరచూ ఇవ్వండి. మధ్యలో స్క్విడ్ ముక్కలు వేయవచ్చు. మంచినీటి చేపలను బతికుండగా వేసే అలవాటు మానండి. వాటితో రోగాలు వస్తాయి, వాటి కొవ్వు కూడా సముద్రపు చేపకు సరిపడదు. చేత్తో మాత్రం మేత అందించకండి! పీత పెంకును పగలగొట్టే దవడకు మీ వేలు ఒక లెక్క కాదు. పొడవాటి పట్టకారు వాడండి.

ఆఖరుగా, చేపను ఇంకో ట్యాంకులోకి మార్చే పద్ధతి. వల వాడకండి. బెదిరితే వీపు మీది మొదటి ముల్లు నిటారుగా లేస్తుంది, వెనకున్న రెండో ముల్లు దానికి గడియలా పడుతుంది. అది వలలో చిక్కితే విడిపించడం నరకం. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాను నీటిలో ముంచి, చేపను మెల్లగా దానిలోకి తోలండి, నీటితో సహా పైకెత్తండి. లోపలి నుంచి గుర్రుమనే చప్పుడు వస్తే కంగారు పడకండి, బెదిరినప్పుడు అది చేసే శబ్దమే. డబ్బా మూత మాత్రం గట్టిగా పట్టుకోండి.